పేరు లేని గోడ

మా స్టాఫు రూములో నా గురించి ఒక మాట తిరుగుతుంటుంది. "మేడం గుళ్ళో ప్రసాదం పెట్టినా వాసన చూసే తింటుంది" అని. ఎవరన్నారో కూడా తెలుసు, తెలియనట్టు ఊరుకున్నాను. నిజమే మరి, చూస్తాను. సర్కారు బళ్ళో టీచరుగా చేరి, స్కూల్ అసిస్టెంటునయి, ఆఖరికి హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నదాకా నన్ను కాపాడింది నా డిగ్రీలు కాదు, నా అనుమానమే.

అది నాకు పుట్టుకతో రాలేదు. మొదటి పోస్టింగు మాచర్ల అవతల ఒక తండాలో, ఒక్క టీచరే ఉండే బడి. రోజూ పిల్లల్ని ఇళ్ళకెళ్ళి బతిమాలి తెచ్చుకునేదాన్ని. అలాంటిది ఆఫీసరు తనిఖీకొచ్చిన రోజు తరగతి కిటకిటలాడిపోయింది. నేను పొంగిపోయాను. ఆయన "శభాషమ్మా" అన్నాడు కూడా. ఆయన జీపు దుమ్ము ఇంకా అణగలేదు, పిల్లలు సగానికి సగం లేచి వెళ్ళిపోయారు. బడి మూసేస్తారేమోనని తండావాళ్ళు ప్రైవేటు బడి పిల్లల్ని ఆ పూటకు తెచ్చి కూర్చోబెట్టారట. నేను అప్పుడు గమనించలేదు గానీ, ఆ పిల్లల కాళ్ళకు బూట్లున్నాయి. మా పిల్లలకు చెప్పులే లేవు. అప్పట్నుంచీ ఏ తరగతి నిండుగా కనబడినా ముందు కాళ్ళ వంక చూస్తాను.

హెడ్మాస్టరయ్యాక నన్ను అనుమానించేవాళ్ళు తయారయ్యారు. పొద్దున్నే వెళ్ళగానే ఫోన్లో నా మొహం చూపించి వచ్చానని నిరూపించుకోవాలి. ఆ తర్వాత మరుగుదొడ్లకు ఫొటో, కోడిగుడ్లకు ఫొటో, తాగే నీళ్ళకు ఫొటో. మా ఆయన నవ్వేవాడు, "ఇన్నేళ్ళ కాపురంలో నన్నొక్క ఫొటో తీయలేదు, బాత్రూముకి మాత్రం రోజూ తీస్తున్నావు" అని. నవ్వక ఏం చేస్తాడు? పైవాళ్ళకి నా మీద నమ్మకం లేదు, నాకు కింది వాళ్ళ మీద నమ్మకం లేదు, ఊరికి మా ఎవరి మీదా నమ్మకం లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం అందరం సమానం.

ఇక నేను హెడ్మాస్టరుగా చేరిన ఊరి సంగతి. నకరికల్లు వైపు ఊరే, పేరు చెప్పను. చెబితే రేపే ఫోన్లొస్తాయి. తూర్పు బజారు, పడమటి బజారు అని రెండు వర్గాలు. తూర్పు బజారుకు పెద్ద ఒక ముసలాయన, ఒకప్పటి సర్పంచి. నేను బాబాయిగారూ అనేదాన్ని. పడమటి బజారుకు పురుగుమందుల కొట్టాయన. వయసులో నాకంటే చిన్న, అక్కా అక్కా అంటూ తిరిగేవాడు. ఈ ఇద్దరూ ఎదురుపడితే ఒకరు రోడ్డు దాటి అవతలికి పోవాల్సిందే. నేను చేరిన కొత్తలో ఒక చీర కట్టుకెళ్ళాను. ఏ రంగో అదీ చెప్పను. సాయంత్రానికల్లా "హెడ్మాస్టరమ్మ వాళ్ళ పార్టీ అంట" అని ఊరంతా తేల్చేశారు. మర్నాడు ఇంకో రంగు కడితే "ఏందీ, పార్టీ మారిందా?" అన్నారు. ఖర్మ! అప్పట్నుంచీ బూడిదరంగు చీరలే.

ఆ ఊళ్ళో ఎవరూ ఏదీ ఊరికే ఇవ్వరు. బడికి ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా పేరు రాయిస్తారు. కుర్చీ ఇస్తే వెనకాల, బీరువా ఇస్తే ముందు, గడియారం ఇస్తే లోపల ముళ్ళ వెనకాల కూడా. మా ఆఫీసు గదిలో దాతల పేర్లు చదువుకుంటూ కూర్చుంటే ఒక పూట గడిచిపోతుంది.

అలాంటి బడికి వెనకవైపు ప్రహరీ ఒకచోట పడిపోయింది. ఎప్పుడో మిరపకాయల ట్రాక్టరు గుద్దిందట. మనిషి దూరేంత సందు. దానికి ఇవతల పిల్లల బాత్రూములు, అవతల మిర్చి ఆరబోసే కల్లం. నేను రాక ముందటి సంవత్సరం పదో తరగతి పరీక్షలప్పుడు చిట్టీలన్నీ ఆ సందులోంచే వచ్చాయి. కల్లంలో మనుషులు కూర్చోవడం, పిల్లలు బాత్రూముకని లేవడం. తనిఖీ స్క్వాడ్ వచ్చి చూసి రాసుకుపోయింది. గోడ కట్టించకపోతే ఈసారి మా బళ్ళో పరీక్ష సెంటరు ఎత్తేసి నకరికల్లుకు మారుస్తామని పైనుంచి నాకు గట్టిగా చెప్పారు.

మగపిల్లలు బండి మీదో బస్సు మీదో పోతారు. నా బెంగంతా పదిలో ఒక ఆడపిల్ల గురించి. బడికే ఫస్టు. లెక్క బోర్డు మీద వేసి వెనక్కి తిరిగేలోపు జవాబు చెప్పే పిల్ల. ఆ మార్కులతో ట్రిపుల్ ఐటీలో సీటొస్తుందని మా లెక్కల మాస్టారు, నేను అనుకుంటున్నాం. సీటొస్తే హాస్టలు, తిండి, చదువు అన్నీ అక్కడే. తండ్రి తూర్పు బజారు బాబాయిగారి చేలో పని చేస్తాడు. ఆ తండ్రే బడికొచ్చి నాతో ముందే తేల్చి చెప్పాడు. "మన బళ్ళో పెడితే రాసుద్ది మేడం. ఆడపిల్లని రోజూ ఆటోలెక్కించి అంత దూరం పంపేది లేదు. సెంటరు పోతే చదువు మానేసుద్ది, మిరప కోతలకి వస్తది, అంతే."

అంటే గోడ లేకపోతే సెంటరు లేదు, సెంటరు లేకపోతే ఆ పిల్లకు పరీక్ష లేదు.

గోడ కోసం ముందు బాబాయిగారి దగ్గరికెళ్ళాను. "ఎంతసేపమ్మా, కట్టించేద్దాం. రాయి మీద మా నాన్న పేరు, కింద నా పేరు" అన్నాడు. ఈ ముక్క పడమటి బజారుకు చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. కొట్టాయన వచ్చి, "అక్కా, వాళ్ళ రాయి పడిందంటే మా కుర్రాళ్ళు ఊరుకోరు, ఆ తర్వాత నా పూచీ లేదు" అన్నాడు. సరే నువ్వే కట్టించవయ్యా అన్నాను. అప్పుడు బాబాయిగారు ఒంటికాలి మీద లేచాడు. చెరిసగం కట్టించండి అంటే, మొదటి సగం ఎవరిదని పేచీ. పోనీ గవర్నమెంటు కట్టిస్తుందా అంటే ఆ ఫైలు ఎక్కడ పడుకుందో ఎవరికీ తెలీదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం కూడా తినలేదు.

ఇంతలో శివరాత్రి. మా ప్రాంతంలో శివరాత్రి అంటే కోటప్పకొండ తిరునాళ్ళే. రెండు బజార్ల వాళ్ళూ రెండు ప్రభలు కట్టుకుని, నాది ఎత్తంటే నాది ఎత్తని కొట్లాడుకుంటూ కొండకు పోయారు. ఊరు ఊరంతా ఖాళీ. సెలవులయ్యాక నేను బడికి వెళ్ళేసరికి, వెనకవైపు గోడ కట్టేసి ఉంది. సందు లేదు. తెల్లగా సున్నం కూడా కొట్టారు.

టీచర్లందరూ చప్పట్లు. "దేవుడే కట్టించాడు మేడం" అంది మా హిందీ టీచరు. దేవుడు కట్టిస్తే కట్టించాడు గానీ, పేరేదీ? గడియారం ముల్లు వెనకాల పేరు రాయించుకునే ఊళ్ళో ఒక గోడ పేరు లేకుండా లేవడమా! 

అటెండర్ని పిలిచి అడిగాను. "నాకేం తెలుసు మేడం, నేను కొండకి పోయినా" అన్నాడు. మధ్యాహ్నం వంట చేసే ఆవిడ కూడా కొండకే పోయిందట. కల్లంలో కాపలా ఉండే ముసలాయన, నడవలేని మనిషి, అతనూ కొండకే పోయాడట. ఎవరి దగ్గరికెళ్ళినా నేను అడగకముందే కొండ పేరెత్తుతున్నారు.

బాబాయిగారికి ఫోను చేశాను. "ఎవురో పుణ్యాత్ములమ్మా" అన్నాడు. కొట్టాయన దగ్గరికెళ్ళాను. "ఎవురైతే ఏందక్కా, బడి బాగుపడిందిగా" అన్నాడు. ఇంటికి పోయే బస్సులో కూర్చున్నాక వెలిగింది నాకు. ఇద్దరిలో ఒక్కడు కూడా రెండోవాణ్ణి తిట్టలేదు. "వాళ్ళే కట్టారేమో, కూలగొడతాం" అనలేదు. ఊళ్ళో వాన పడకపోయినా అవతలి బజారు వాళ్ళ వల్లే అనే మనుషులు! ఇద్దరూ ఒకే రకంగా మెత్తగా మాట్లాడారంటే ఇద్దరూ ఒకటయ్యారన్నమాట. ఆ ఊళ్ళో ఇద్దరూ ఒకటవ్వడం కంటే భయపడాల్సిన సంగతి ఇంకోటి లేదు. ఇద్దరి ఇళ్ళలోనూ పదో తరగతి రాసే మగపిల్లలున్నారు. ఇద్దరికీ చదువు అంతంతమాత్రం.

నేను ఒక నిర్ణయానికి వచ్చేలోపే సెంటర్లు చూసే ఆఫీసరు వచ్చేశాడు. కారు దిగాడు, గోడ దూరం నుంచి చూశాడు, "వెరీ గుడ్ మేడం" అన్నాడు, సెంటరు ఖాయం చేసి టీ తాగి వెళ్ళిపోయాడు. పిల్లలు గంతులేశారు. ఆ ఆడపిల్ల ఎవరూ చూడకుండా వచ్చి "థాంక్స్ మేడం" అని పరిగెత్తింది. నాకు మాత్రం ఆ వెరీ గుడ్ మాట తండాలో విన్న శభాష్ లాగే వినబడింది.

బడి వదిలాక ఒక్కదాన్నే వెనక్కి వెళ్ళాను. పైన సిమెంటు గట్టిగానే ఉంది. కింద, బాత్రూముల వైపు రెండు మూడు వరసలు మాత్రం సున్నం కింద రంగు తేడాగా కనిపించాయి. బీరువా తాళంచెవితో గీకాను. మట్టి రాలింది. ఒట్టి మట్టి! చెప్పు కాలితో తన్నితే ఇటుక కదిలింది. ఆఫీసరుకు గోడ, పరీక్షల రోజుకు తలుపు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఊళ్ళో ఇంత ఐకమత్యం నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

పైవాళ్ళకి చెప్పొచ్చు. చెబితే ఆ క్షణమే సెంటరు పోతుంది, ఆ పిల్ల మిరప కోతలకు పోతుంది. చెప్పకుండా ఊరుకుంటే పరీక్షల్లో స్క్వాడ్‌కి ఒక్క చిట్టీ దొరికినా సెంటరంతా ఆపేస్తారు, అప్పుడూ పోయేది ఆ పిల్లే. పైగా పరీక్షలప్పుడు నేనక్కడ ఉండను. మా బడికి బయటివాళ్ళొస్తారు, మమ్మల్ని వేరే సెంటర్లకు తోలతారు. మా బడికి మేమే పరాయివాళ్ళం ఆ రోజుల్లో. మేస్త్రీని పిలిచి నేనే సిమెంటు పెట్టిద్దామంటే, ఆ రెండు బజార్లనీ కాదని నాకోసం తాపీ పట్టేవాడు ఆ ఊళ్ళో లేడు.

రెండు రోజులు ఆలోచించి, పదో తరగతి తల్లిదండ్రుల మీటింగు పెట్టాను. ఇద్దరూ వచ్చారు. ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల కూర్చున్నారు. మీటింగయ్యాక ఇద్దర్నీ ఆగమని, ఎదురెదురుగా కుర్చీలేయించాను.

"మీ మంచితనం దాచుకుంటే మాత్రం దాగుతుందా బాబాయిగారూ" అని మొదలుపెట్టాను. "గోడ ఎవరు కట్టించారో నాకు తెలిసింది. మీరిద్దరే. పేరు కూడా వద్దనుకున్నారు, ఎంత పెద్ద మనసు! కానీ నేనెలా ఊరుకుంటాను? నరసరావుపేటలో రాయి చెక్కమని చెప్పేశాను. ఈ గోడ కట్టించిన దాతలు అని మీ ఇద్దరి పేర్లూ. ఆ కింది వరసల్లోనే, బాత్రూముల ఎదురుగా బిగిద్దాం. విలేకర్లక్కూడా ఫోన్లు చేశాను. రేపు స్క్వాడ్ వచ్చినా, కలెక్టరొచ్చినా, ఆ గోడ దగ్గర ఏం జరిగినా ముందు కనబడేది మీ పేర్లే."

నేను ఏ రాయీ చెప్పలేదు. విలేకర్ల నంబర్లు నా దగ్గర లేనే లేవు.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. ఎవరి పేరు ముందని అడుగుతారేమోనని చూశాను. అడగలేదు! కొట్టాయన ముందుగా గొంతు సవరించుకున్నాడు. "అక్కా, మాకెందుకక్కా పేర్లు. బడికి చేస్తే దేవుడికి చేసినట్టు."

"అవునమ్మా, రాయీ గీయీ ఏం వద్దు" అన్నాడు బాబాయిగారు. జీవితంలో మొదటిసారి కొట్టాయన మాటకు ఆయన అవునన్నాడు.

"అట్లా అంటే ఎట్లా? కనీసం గోడ గట్టిగా ఉంటే ఆ గోడే మీ పేరు చెబుతుంది. కింద కాస్త మట్టి రాలుతున్నట్టుంది. సిమెంటు పెట్టించారనుకోండి, రాయి మాట మర్చిపోతాను. లేదంటే రాయి వచ్చేస్తుంది."

బాబాయిగారు కండువా దులుపుకున్నాడు. "నువ్వు మామూలు దానివి కాదమ్మా" అన్నాడు లేస్తూ. మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తెలియదు. మర్నాడు తూర్పు బజారు మేస్త్రీ, పడమటి బజారు కూలీ కలిసొచ్చి కింది వరసలు తీసేసి సిమెంటుతో కట్టారు. నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. ఎండి గట్టిపడేదాకా రోజూ వెళ్ళి తాళంచెవితో గీకి చూశాను.

హమ్మయ్య అనుకున్నాను. హాల్ టికెట్లు ప్రింటు తీసి ఇచ్చేశాం. అందరూ తీసుకున్నారు, ఆ ఆడపిల్ల తప్ప. ఒంట్లో బాలేదేమో అన్నారు తోటిపిల్లలు, నా కళ్ళలోకి చూడకుండా. పరీక్ష ముందు రోజు సాయంత్రం దాకా చూసి, హాల్ టికెట్ బ్యాగులో పెట్టుకుని వాళ్ళింటికి నేనే వెళ్ళాను.

తండ్రి వాకిట్లో మిరపకాయలు నింపిన టిక్కీల మూతులు కుడుతున్నాడు. గోనెసంచి మీద నుంచి తల ఎత్తలేదు.

"ఏందయ్యా, పిల్ల హాల్ టికెట్‌కి రాలేదు?"

"ఇంకేం రాసుద్ది మేడం. గోడ మూపిచ్చారుగా."

"గోడకీ నీ పిల్లకీ ఏంటి సంబంధం?"

"అందరికీ అందేది మా పిల్లకీ అందేది. ఇప్పుడు ఒట్టి చేతుల్తో పోయి తప్పిందనుకో, బజారంతా నవ్వుద్ది. దానికంటే పోకపోతేనే నయం."

 ఎవరి కోసం ఆ గోడ వెంట పడ్డానో ఆ పిల్లకే ఆ గోడ అడ్డమయింది. "నీ పిల్ల బడికే ఫస్టయ్యా! దానికి చిట్టీ ఎందుకు?" అని అరిచాను.

అప్పుడు తల ఎత్తాడు. "మార్కులేసేది మీరేగా మేడం" అన్నాడు.

చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే అది నా ప్రశ్న. మా మాస్టార్లు ఎవరు మంచి మార్కుల కాగితం తెచ్చినా నేను మనసులో అనుకునే మాటే అది. ఇప్పుడు నా మార్కుల్ని నా మొహం మీదే ఆయన నమ్మనన్నాడు. నమ్మించడానికి నా దగ్గర ఏముంది?

పిల్ల తలుపు వెనకనుంచి ఇవతలికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. గొంతు మాత్రం వణకలేదు.

"నాన్నా, పోయినేడు ఆ సందులో చిట్టీలు అందిచ్చింది నువ్వేగా. మిగిలినయ్యి ఇంటికి తెచ్చావు. లెక్కల చిట్టీలో సగం తప్పులని అప్పుడే చెప్పా నీకు. నువ్వు నవ్వావు. అయి చూసి రాసినోళ్ళు ఏమయ్యారు?"

"తప్పారు" అన్నాడు ఆయన, చానా మెల్లగా.

"ఆ తప్పులు కనిపెట్టినప్పుడు నేను తొమ్మిదో తరగతే."

ఆయన చేతిలో దబ్బనం ఆగిపోయింది. కూతురు వంక కాదు, నా వంక చూశాడు. భయపడ్డాడు. చిట్టీల సంగతి హెడ్మాస్టరు ముందు బయటపడిపోయింది మరి. "బాబాయిగారు పొమ్మంటే పోయినా మేడం. ఆయన చేలో పనిచేసే వాణ్ణి, కాదని యాడికి పోను?" అన్నాడు.  హాల్ టికెట్ గోనెసంచి మీద పెట్టి వచ్చేశాను. పంపుతానని ఆయన అనలేదు. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆయన పంపుతాడని నాకు నమ్మకం లేదు.

మర్నాడు నా డ్యూటీ అదే రోడ్డు మీద ఇంకా ముందున్న ఊళ్ళో. తొలి బస్సెక్కాను. మా బడి పక్కనుంచే పోతుంది. పరీక్షకింకా చానా టైముంది, గేటు కూడా తీయలేదు. కల్లం వైపు చూద్దును గదా, గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని ఆ తండ్రి!  మళ్ళీ మొదలెట్టాడన్నమాట. నా ముందు పిల్ల అలా అన్నాక కూడా!

"డ్రైవరన్నా, ఒక్క నిమిషం ఆపు" అని దిగి గబగబా వెళ్ళాను.

"సిగ్గు లేదటయ్యా నీకు? మళ్ళీ వచ్చావా?"

లేచి నిలబడ్డాడు. "పిల్ల గేటు దగ్గరుంది మేడం. నేనే దింపినా" అన్నాడు. "ఎవుడన్నా చిట్టీ పట్టుకొస్తే తోలేద్దామని ఈడ కూసున్నా. ఒక్కడు దొరికినా అందర్నీ ఆపేస్తారంటగా. నా పిల్ల రాసుద్ది ఇయ్యాల."

విన్నాను. విని కూడా, ఏం చేయను, నా కళ్ళు ఆయన చేతుల మీదికే పోయాయి. ఆయనకు అర్థమైంది. రెండు చేతులూ చాపి తిప్పి చూపించాడు. మిరపకాయల ఎరుపు తప్ప ఏమీ లేదు వాటిలో.  వెనకాల బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"పోలీసులొస్తారయ్యా, ఇక్కడ ఎవర్నీ ఉండనివ్వరు" అన్నాను.

"పొమ్మంటే రోడ్డవతలకి పోతా మేడం. ఆడ్నుంచి కూడా కనపడుద్ది గోడ."